నీళ్ళు తాగిన ఇల్లు

మా ఆయన అబద్ధం ఆడితే చెవి తమ్మెలు ఎర్రబడేవి. పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాను. కూర ఎలా ఉందండీ అంటే దివ్యంగా ఉందనేవారు, చెవులు మాత్రం ఉప్పు ఎక్కువైందని చెప్పేసేవి. పెళ్ళి పంక్తిలో ఇంకో గారె వెయ్యమని అడగాలన్నా ఆయనకి ప్రాణం మీదికి వచ్చేది. అలాంటి మనిషి ఎన్నికల్లో నిలబడతానంటే నవ్వాను మరి. ఎవరైనా నవ్వుతారు.

కోటిలంకలో మాది కళ్ళజోళ్ళ దుకాణం. గంగాధరం గారు, అంటే మా ఆయన, చూపు పరీక్ష చేసి నంబరు చెబితే అద్దాలు ఫ్రేములో బిగించడం నా పని. దుకాణం ముందు నుంచే ఇసుక లారీలు పోతుంటాయి. రేవులో యంత్రాలు పెట్టి గోదావరిని లోపల్లోపల తవ్వేస్తున్నారు. ఆ గొయ్యి పూడ్చుకోవడానికి నది మా ఒడ్డును కోసుకుంటోంది. రేవువీధిలో ఒకప్పుడు రెండు వరసల ఇళ్ళుండేవి. ఇప్పుడు ఒక్క వరసే మిగిలింది. అక్కడివాళ్ళంతా కొబ్బరిపీచు తాళ్ళు పేనుకుని బతికేవాళ్ళు. తవ్వకం పెద్ద పార్టీ వాళ్ళది, ఎమ్మెల్యే పెద్ద పార్టీ వాడు. ఇంకెవరితో చెప్పుకుంటారు? అందుకని ఊళ్ళో కొందరు కలిసి ఒక చిన్న పార్టీ పెట్టుకున్నారు. ఇసుక తవ్వకం ఆపించాలి, వాళ్ళ కోరిక అదొక్కటే. ఆ కొందరిలో మా ఆయన ఒకరు.

చిన్న పార్టీ సంగతి ఏం చెప్పమంటారు. పెద్ద పార్టీ గుర్తు పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. మాకు ఎన్నికకో గుర్తు. ఒకసారి ఈల ఇచ్చారు, ఇంకోసారి కొవ్వొత్తి. జనానికి అలవాటయ్యేలోపు ఎన్నికే అయిపోయేది. మేం గోడకి ఒక కాగితం అంటిస్తే తెల్లారేసరికి దాని మీద పెద్ద పార్టీ వాడి నవ్వుమొహం ఉండేది. జనానికి ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు కనక పుచ్చుకునే పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. ఓటు అడగడానికి ఏ గుమ్మంలోకి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడగాలి. ఏ పేటైనా సరే, ఏ ఇల్లైనా సరే, వాళ్ళ గ్లాసుతో వాళ్ళిచ్చిన నీళ్ళు తాగాలి. నీళ్ళు తాగిన ఇంటికి ద్రోహం చెయ్యకూడదు. మా పార్టీ రాజ్యాంగం మొత్తం అంతే.

మాలాంటి బుల్లి పార్టీలు ఊళ్ళో ఇంకో రెండున్నాయి. ఒకటి కొబ్బరి రైతులది, దానికి పేర్రాజు గారు పెద్ద. ఇంకోటి కుర్రాళ్ళది, దానికి వంశీధర్ నాయకుడు. ముగ్గురి ఓట్లూ కలిపితే పెద్ద పార్టీ కంటే ఎక్కువే తేలేవి. విడివిడిగా మాత్రం ప్రతిసారీ ముగ్గురూ ఓడిపోయేవారు. ఈ లెక్క ముగ్గురికీ తెలుసు. కాని ముందు ఎవరి గుమ్మం ఎవరు ఎక్కాలి? పేర్రాజు గారికి వయసు అడ్డం, వంశీధర్‌కి పౌరుషం అడ్డం, మా ఆయనకి సిగ్గు అడ్డం. ఈ నామోషీల మధ్యలోంచి పెద్ద పార్టీ దర్జాగా నడిచి వెళ్ళిపోయేది.

కిందటి ఎన్నికల్లో మా ఆయన చేపల మార్కెట్టు దగ్గర మైకు పట్టుకున్నారు. పెద్ద పార్టీ మనిషి ఒకడు ముందుకొచ్చి, ఆ కళ్ళజోడు ముందు మీరు పెట్టుకోండి గురువుగారూ, మీ వెనక ఎంతమంది ఉన్నారో కనిపిస్తుంది అన్నాడు. మార్కెట్టంతా గొల్లుమంది. ఈయన మైకు కింద పెట్టేసి, చెవులు, మెడ కందగడ్డలా చేసుకుని ఇంటికొచ్చి, దుకాణం షట్టరు సగం దించి లోపల కూర్చున్నారు. ఫలితాలు వచ్చాక కూడా ఆ షట్టరు పూర్తిగా ఎత్తలేదు. వచ్చినవాళ్ళు వంగి లోపలికి వచ్చేవాళ్ళు.

మళ్ళీ ఎన్నికలు ఇంకో ఏడాది ఉన్నాయనగా మా తమ్ముడు సుబోధ్ మమ్మల్ని విశాఖపట్నం రమ్మన్నాడు. వాడు అక్కడ నరాల మీద పరిశోధన చేస్తాడు. బావగారిని నాలుగు రోజులు సముద్రం చూపిస్తాను, తేరుకుంటారు అని పిలిచాడు గాని, సముద్రం కంటే ముందు తన ప్రయోగశాల చూపించాడు. వాడి ఉత్సాహం అలాంటిది.

అద్దాల గదిలో నీలవేణి అనే డిగ్రీ పిల్ల కూర్చుని ఉంది. కొత్తవాళ్ళ ముందు తన పేరు కూడా చెప్పలేదట. పరీక్షల్లో అన్నీ తెలిసి కూడా, నోటితో చెప్పమనేసరికి బిగుసుకుపోయి తప్పిందట. ఎదురుగా మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక పాట పాడమ్మా అన్నాడు సుబోధ్. ఆ పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న తెర మీద ఆ పిల్ల సిగ్గును కొలిచే గీత ఒకటి గిజగిజలాడుతూ పైకి లేచింది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాను.

సుబోధ్ లోపలికి వెళ్ళి ఆ పిల్ల చెవి వెనక చింతగింజంత బిళ్ళ ఒకటి అంటించాడు. ఒంటి రంగులోనే ఉంది, చెబితే తప్ప కనపడదు. సిగ్గు పుట్టినప్పుడు మెదడులో ఒకచోట వేడెక్కుతుందక్కా, ఈ గింజ చెవి వెనక నరంలోంచి సన్నగా కరెంటు పంపి దాన్ని చల్లారుస్తుంది, అంతే అన్నాడు. తెర మీద గీత మెల్లగా కిందికి దిగి చదునైపోయింది. నీలవేణి చున్నీ దించింది. పాట మొదలుపెట్టి చివరిదాకా పాడింది. శ్రుతి లేదు, తాళం లేదు. అయినా నవ్వుతూ పాడి, మాకు దండం పెట్టి, ఇంకోటి పాడనా అంది. నేను ఏడ్చేశాను.

మా ఆయన మాత్రం పిల్లని చూడలేదు, చదునైపోయిన ఆ గీతనే చూస్తూ ఉండిపోయారు. బయటికి వచ్చాక సుబోధ్ చెయ్యి పట్టుకుని, నాకూ ఒకటి పెడతావా అని అడిగారు. అడుగుతుంటే చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సుబోధ్ కాసేపు నసిగాడు. ఇంకా ప్రయోగంలోనే ఉంది బావగారూ అన్నాడు. ఆ చెవులు చూసి వాడి మనసు కరిగింది. ప్రయోగంలో చేరినవాళ్ళలో ఈయన పేరు కూడా కలిపి గింజ అంటించాడు. చెడిపోతే పనికొస్తుందని ఇంకోటి డబ్బీలో వేసి ఇచ్చాడు. ఎప్పుడైనా తియ్యాలంటే కొబ్బరినూనె రాస్తే ఊడొస్తుందన్నాడు.

ఊరికి వచ్చిన మర్నాడే దుకాణం షట్టరు పూర్తిగా లేచింది.

అక్కణ్ణించి మా ఆయన పేర్రాజు గారింటికి వెళ్ళారు. ఆ పెద్దమనిషి ఈయన్ని పాలేరులా పెరట్లో నిలబెట్టి, టిఫిను చేసి, పేపరు చదివి, తీరిగ్గా బయటికి వచ్చి ఏం పనిమీద వచ్చావన్నారు. ఈయన అక్కడే కొబ్బరిరాశి మీద కూర్చుని, మీతో కలిసి పని చెయ్యాలని వచ్చాను, కుదరదంటే రేపొస్తాను అన్నారు. అన్నట్టే మర్నాడూ వెళ్ళారు. ఆ తర్వాతా వెళ్ళారు. చివరికి ఆ పెద్దమనిషికే సిగ్గేసి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. కుర్రాళ్ళేమో ఈయన చేపల మార్కెట్టు నుంచి తల దించుకుని పారిపోతున్న వీడియోకి పాట తగిలించి ఫోన్లలో తిప్పారు. ఈయన వాళ్ళ మధ్య కూర్చుని ఆ వీడియో చూసి వాళ్ళకంటే గట్టిగా నవ్వారు. వంశీధర్ వచ్చి కాళ్ళకి దండం పెట్టాడు. ఎన్నికలు వచ్చేసరికి మూడు పార్టీలూ మా వసారాలో ఒకే చాప మీద కూర్చున్నాయి. పోటీ చేసేది ఒక్కడే, ఆ ఒక్కడూ గంగాధరమే అని తేల్చేశారు. అబద్ధం ఎందుకు, నాకు ఒళ్ళు పులకరించింది.

గుర్తు ఈసారి మరచెంబు ఇచ్చారు. కుర్రాళ్ళకి అదేమిటో తెలియదు. సీసాలా ఉంది, కాదు, గంటలా ఉంది అని తన్నుకుంటుంటే, నేను అటక మీంచి మా నాయనమ్మ నాటి ఇత్తడి మరచెంబు దించి, చింతపండుతో తోమి, మూత మర తిప్పి చూపించాను. అది చేత్తో పట్టుకుని నేను ముందు నడిచేదాన్ని. ఇంటింటా నీళ్ళు అడగడం, గ్లాసుడు తాగడం, ఓ గ్లాసు మరచెంబులో పోయించుకోవడం. నీళ్ళ పార్టీ వచ్చిందే అని పిల్లలు వెంటబడేవాళ్ళు.

రేవువీధిలో మొదటి ఇల్లు వరహాలమ్మది. మొదటి ఇల్లంటే నదికి అన్నిటికంటే దగ్గరది. పెరట్లో జామచెట్టు అప్పటికే సగం వేళ్ళు గాల్లో పెట్టుకుని ఉంది. వరహాలమ్మ తాడు పేనే చేతులతో మా ఆయన మొహం నిమిరి, గ్లాసుతో నీళ్ళిచ్చి, ఆయన తాగేదాకా కళ్ళార్పకుండా చూసింది.

"ఈ నీళ్ళు తాగేవు బాబూ. ఇంక మా ఇంటోడివి," అంది.

తరవాత మా కంటే ముందే వీధంతా తిరిగి, మరచెంబుకి తప్ప వేరేదానికి ఓటేస్తే నా మీద ఒట్టే అని చెప్పి వచ్చింది. ఆవిడ మాట అక్కడ వేదం. పెద్ద పార్టీ వాళ్ళు చీరలు పంచుతుంటే ఆవిడ గుమ్మంలోనే నిలబడి తిప్పి పంపించేసింది.

ఆ రోజుల్లోనే నాకు ఒకటి కంటబడింది. ఓ ముసలాయన ఫించను ఆగిపోయిందని ఏడిస్తే మా ఆయన ఆయన భుజం తట్టి, నిన్ననే పైవాళ్ళతో మాట్లాడాను, వచ్చేస్తుంది అన్నారు. నిన్న మేం ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దస్తమానం ఊళ్ళోనే ఉన్నాం. నేను చటుక్కున ఆయన చెవులు చూశాను. తెల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఎన్నికల్లో ఇలాంటివి తప్పవులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

తరవాత కళ్ళజోళ్ళు వచ్చాయి. దుకాణంలో ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా పడున్న జోళ్ళు పెట్టెలో వేయించి ముసలాళ్ళకి పంచేశారు. చూపు పరీక్ష లేదు, నంబరు లేదు, చేతికి వచ్చింది చెవులకి తగిలించడమే. ఒకప్పుడు పావు నంబరు తేడా వస్తే రాత్రి అన్నం సహించని మనిషి. అదేమిటండీ, తలనొప్పులు వస్తాయి కదా అన్నాను. ఓటు వేసేదాకా పెట్టుకుంటే చాల్లే, మన గుర్తు పెద్దగానే కనిపిస్తుంది అని నవ్వారు. వరహాలమ్మ కూడా అలాంటి జోడే పెట్టుకుని గుమ్మం తట్టుకుని పడింది. మోకాలు చీరుకుపోయినా జోడు తియ్యలేదు. మా బాబు ఇచ్చాడు అని అందరికీ చూపించింది. నేను ఆ పూట ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

పోలింగు ఇంకో వారం ఉందనగా సుబోధ్ ఫోను చేశాడు. బయట మైకుల మోత, నేను దుకాణం వెనక గదిలోకి వెళ్ళి విన్నాను. వాడి గొంతు బాగాలేదు. నీలవేణి వాళ్ళ నాన్న తాపీ పని చేస్తాడు. కూతుర్ని చూద్దామని సిమెంటు బట్టలతోనే కాలేజీకి వచ్చాడట. ఆ పిల్ల స్నేహితుల ముందే, ఈయన మా ఇంట్లో పని చేసేవాడు అని చెప్పి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబెట్టిందట. ఈ కబురు ఆ పిల్లే వచ్చి, నవ్వుతూ, తమాషా జరిగింది సార్ అని చెప్పిందట. సుబోధ్ భయపడి గింజ తీసేశాడు. తీసిన దగ్గర్నుంచి ఆ పిల్ల అన్నం ముట్టలేదు, గది తలుపు తియ్యలేదు. అణిచిపెట్టిందంతా ఒక్కసారే వచ్చి మీద పడుతుందక్కా, నేను అనుకోలేదు అని వాడు ఏడ్చాడు.

"నోరు తెరవనివ్వని సిగ్గు వేరు, తప్పు చెయ్యనివ్వని సిగ్గు వేరు అనుకున్నానక్కా. రెండూ ఒకటే నరం. బావగార్ని వెంటనే తీసుకురా. ఇక్కడ డాక్టర్ల మధ్య మెల్లగా తీద్దాం."

ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను. శ్రద్ధగా విన్నారు. పాపం పిల్ల అన్నారు. పోలింగు అయ్యాక వెళ్దామన్నారు. సరేనన్నాను. మూడు పార్టీల జనం వసారాలో నిద్రపోతున్నారు, వీధంతా మరచెంబు బొమ్మలు. ఇప్పుడు తీసేస్తే ఈయన మళ్ళీ షట్టరు దించుకుని కూర్చుంటే ఏం గతి? నేను అలా ఆలోచించాను.

గెలిచాం. కోటిలంకలో పెద్ద పార్టీ ఓడిపోవడం మా తరంలో ఎవరూ చూడలేదు. పేర్రాజు గారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. వంశీధర్ మా ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. రేవువీధి ఆడవాళ్ళు కొత్త తాడు పేని, దానికి మరచెంబు కట్టి మా గుమ్మానికి వేలాడదీశారు. ఆ రోజు ఇసుక లారీ ఒక్కటి కూడా తిరగలేదు.

రాష్ట్రంలో ప్రభుత్వం మాత్రం పెద్ద పార్టీదే వచ్చింది. విశాఖపట్నం వెళ్దామండీ అని నేను రోజూ అడగడం, రేపు చూద్దాం అని ఆయన అనడం. ఈలోగా నల్లకారు ఒకటి మా ఇంటికి రావడం మొదలైంది. ముందు సందు చివర ఆగేది, తరవాత గుమ్మం ముందే ఆపేశారు. ఒక సాయంత్రం మా ఆయన కాఫీ తాగుతూ, ఆదివారం పెద్ద పార్టీలో చేరుతున్నాను, నువ్వు ఆ జరీచీర కట్టుకో అన్నారు. వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు అన్నంత మామూలుగా అన్నారు.

మరి రేవు సంగతేమిటన్నాను. ప్రభుత్వంలో ఉంటేనే కదా ఏదైనా చెయ్యగలం అన్నారు. తవ్వకం ఆపుతామన్నారా అన్నాను. ఆపరు, రేవులో ఇసుక తవ్వే పని మన పేరు మీద కూడా కొంత ఇస్తామన్నారు అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పేర్రాజు గారికి ఏం చెబుతారు, ఆ కుర్రాళ్ళకి ఏం చెబుతారు, ఇంటింటా నీళ్ళు తాగాం కదండీ అని అరిచాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"అంతగా వెళ్ళాలనుంటే వెళ్ళండి. ఆ గింజ తీసేసి వెళ్ళండి," అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. నిజంగానే ఆలోచించారు.

"తీసేస్తే వెళ్ళలేను కదా హైమా," అన్నారు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అంత ఉన్నదున్నట్టు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. లేచి వెళ్ళి అలమారలోంచి డబ్బీ తెచ్చి, రెండో గింజ నా అరచేతిలో పెట్టారు. నువ్వు నా పక్కన స్టేజీ మీద కూర్చోవాలి కదా, ఇది పెట్టుకో, హాయిగా ఉంటుంది అన్నారు. ప్రేమగానే అన్నారు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. గింజని కొంగున ముడేసుకున్నాను.

ఆదివారం పొద్దున తలంటు పొయ్యమన్నారు, చెవి వెనక మాత్రం నూనె తగలనివ్వకు అన్నారు. వీధిలో అప్పటికే డప్పులు మొదలయ్యాయి, నల్లకారు వెనక ఇంకో నాలుగు కార్లు. నేను కొబ్బరినూనె మాడు మీద వేసి మర్దన చేస్తూ ఉంటే చెవి వెనక గింజ వేలికి తగిలింది. నా చెయ్యి నూనె చెయ్యే. సుబోధ్ చెప్పిందంతా గుర్తుంది, నీలవేణి గది తలుపూ గుర్తుంది. అయినా నా వేలు ఆగలేదు. గింజ జారి నా అరచేతిలోకి వచ్చేసింది.

కాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. మెడ, వీపు, గుండెలు, అరచేతుల దాకా ఎరుపు పాకింది. తువ్వాలు లాక్కుని ఒళ్ళంతా కప్పుకుని గోడమూలకి జరిగిపోయారు. నేను పరాయిదాన్నయినట్టు మొహం గోడకి పెట్టుకున్నారు. ముందు కళ్ళజోళ్ళు అన్నారు. ఆ ముసలాయన ఫించను అన్నారు. పేర్రాజు గారి పేరు చెప్పి తల గోడకి కొట్టుకున్నారు. నేను పట్టుకుంటే నా చేతులు తోసేశారు.

"వరహాలమ్మ నీళ్ళిచ్చింది హైమా. నేను తాగేదాకా చూసింది," అన్నారు.

ఆ మాట దగ్గరే చిక్కుకుపోయారు. అదే మళ్ళీ మళ్ళీ అంటూ తల కొట్టుకుంటుంటే నుదురు చిట్లింది. బయట ఎమ్మెల్యే గారికి జై అంటున్నారు. ఒక్కో జైకీ ఆయన చెవులు మూసుకుని ఇంకా ముడుచుకుపోయారు. చివరికి నా కాళ్ళు పట్టుకున్నారు. పెళ్ళి పంక్తిలో రెండో గారె అడగలేని మనిషి నా కాళ్ళు పట్టుకుని, పెట్టెయ్యి హైమా, నేను బతకలేను, పెట్టెయ్యి అని అడిగారు.

ఆయన చచ్చిపోతారనుకున్నాను. తువ్వాలుతో చెవి వెనక నూనె తుడిచి, కుంకుడు రసంతో కడిగి, ఆరబెట్టి, గింజ మళ్ళీ నా చేత్తోనే అంటించాను.

ఎరుపు వచ్చినదారినే దిగిపోయింది. ఆయన లేచి నిలబడ్డారు. నుదురు తడిమి, ఇదేమిటి చీరుకుపోయింది, పౌడరు రాస్తే కనపడదులే అన్నారు. గంధం రంగు చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగారు.

నేను స్టేజీ మీదికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను, ఆయన నమ్మారు. కార్లు వెళ్ళిపోయాక గుమ్మానికి వేలాడుతున్న మరచెంబుని తాడు విప్పి దించాను. అది పట్టుకుని రేవువీధికి నడిచాను. ఎందుకు వెళ్ళానంటే, ఎవరైనా నాలుగు తిడతారని. చీపురు పుచ్చుకున్నా బాగుండునని. తిట్లు తింటే కాస్తయినా తేలికపడతానని ఆశ.

ఎవరూ తిట్టలేదు. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఎవరింట్లోనో ఫోనులో సభ వస్తోంది. కోటిలంక అభివృద్ధి కోసమే అని మా ఆయన గొంతు ఎక్కడా తడబడకుండా వినిపిస్తోంది. రేవులో యంత్రాలు తిరుగుతున్నాయి. వరహాలమ్మ పెరట్లో జామచెట్టు లేదు.

తలుపు మూసి ఉంది. కొట్టాను. వరహాలమ్మా, నేను, హైమని అన్నాను. లోపల గాజులు కదిలిన చప్పుడయింది.

"ఎల్లిపోండమ్మా. నా మొకం సూపించలేను," అంది లోపల్నించి.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. నువ్వెందుకు మొహం దాచుకోవాలి, దాచుకోవలసినవాళ్ళం మేం కదా అన్నాను.

"ఈదంతటికీ సెప్పింది నానే కదేటండి. మన నీళ్ళు తాగేడు, నమ్మండని సెప్పేను. ఇప్పుడు బయటికెలా వచ్చేది? పిల్లలు కూడా నన్నే సూత్తన్నారు."

గుమ్మం మీద కూలబడ్డాను. మా ఆయన వదిలేసిన సిగ్గు నా ఒక్కదాని మీదే పడిందనుకుంటూ ఇన్నాళ్ళు తిరిగాను. అది ఇక్కడికొచ్చి, ఏ పాపం ఎరగని ఈ ముసలిదాని నెత్తిన కూర్చుంది. అన్నం తిన్నావా అని అడిగాను. నీలవేణి తలుపు గుర్తొచ్చింది.

కొంగుముడిలో గింజ ఉంది. నా చెయ్యి ముడి మీదికి వెళ్ళింది. ఒక్క నిమిషం పట్టదు, తలుపు తీయించి చెవి వెనక అంటిస్తే చాలు. ఆవిడ హాయిగా బయటికి వస్తుంది, నలుగురితో నవ్వుతుంది. ఇల్లు గోదాట్లోకి జారిపోతున్నా నవ్వుతూనే ఉంటుంది. ముడి సగం విప్పాక నేనేం చేస్తున్నానో నాకు తెలిసొచ్చింది. గింజని మెట్టు మీద పెట్టి రాయితో కొట్టాను. పొడై, మెట్టు మీది కొబ్బరిపీచులో కలిసిపోయింది.

మరచెంబు మూత తిప్పి, ఖాళీ చెంబు తలుపు ముందు పెట్టాను.

"వరహాలమ్మా, మంచినీళ్ళిస్తావా?"

ఈ మాట మా నోటి వెంట ఆ వీధిలో ఇంకోసారి వినబడుతుందని ఆవిడ అనుకుని ఉండదు. నాకూ అడిగే మొహం లేదు. చెవులు మండుతున్నాయి, మెడ కాలుతోంది, ఒళ్ళంతా చెమటలు. లేచి పారిపోదామనిపించింది. పారిపోలేదు.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. తాడు పేని కాయలు కాసిన చెయ్యి ఒకటి బయటికి వచ్చి మరచెంబుని లోపలికి తీసుకుంది. కుండలో ముంచిన చప్పుడు వినిపించింది. చెయ్యి మళ్ళీ వచ్చి నిండు చెంబు గుమ్మం మీద పెట్టింది. తలుపు సందులోంచి, మా దుకాణం జోడు వెనక నుంచి, రెండు కళ్ళు నన్ను చూస్తున్నాయి.

ఆవిడ చూస్తుండగా ఆ నీళ్ళన్నీ తాగాను. తాగేనమ్మా అని చెప్పాను. తలుపు మూసుకోలేదు.

సభ అయిపోయినట్టుంది, ఫోనులోంచి చప్పట్లు వినిపిస్తున్నాయి. ఖాళీ మరచెంబు పట్టుకుని, మండుతున్న చెవులతో పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగాను.